పూడికతీత లాంటి పనులు

దాళ్వా కోతలు అయిపోయి ఎండలు ముదిరాక మన డెల్టా కాలువలు కట్టేస్తారు. అప్పుడే పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగి గట్టున పడేస్తారు, లాకుల తలుపులు బాగు చేస్తారు. ఈ పనులకు ప్రారంభోత్సవాలు ఉండవు. ఏ ఏడాదైనా సరిగా చేయకపోతే ముందుగా తెలిసేది శివారు రైతుకే. మాలో కైకలూరు, మండవల్లి వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటరు భాషలకు కూడా ఇలాంటి పూడికతీత ఉంటుందని మా హాస్టల్లో కంప్యూటర్స్ చదివేవాళ్లం గమనించాం. పైథాన్ సంగతే చూడండి. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టిన భాష ఇది. ఇప్పుడు ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది. ఆ తర్వాత సుమారు రెండు నెలలకోసారి మరమ్మతుల విడుదల. 3.12.4 అని ఉంటే చివరి 4 ఆ మరమ్మతుల లెక్క. అందులో కొత్త హంగులేవీ ఉండవు, లోపాలు సరిచేయడమే. ఆ జాబితా చదువుతుంటే నిద్ర ముంచుకొస్తుంది, నిజమే చెబుతున్నాం.

కానీ మా చదువుకు నేరుగా తగిలేది ఒకటుంది. అదే ఎర్రర్ మెసేజ్. ఐదో లైనులో బ్రాకెట్ తెరిచి మూయడం మరిచారనుకోండి. పాత పైథాన్ ఆరో లైను చూపించి ‘ఇన్వాలిడ్ సింటాక్స్’ అనేది. ఆరో లైనులో ఏ తప్పూ ఉండదు! తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు ఆ రెండు ఇంగ్లీషు మాటలూ పట్టుకుని, బాగున్న లైనునే పదిసార్లు తిరగరాస్తాడు. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుంచి మాత్రం, తెరిచిన బ్రాకెట్ మూయలేదని ఐదో లైను దగ్గరే చెబుతోంది. పేరులో ఒక అక్షరం తప్పు కొడితే, మీరు అనుకున్నది ఇదేనా అని దగ్గరి పేరు చూపిస్తోంది. 2023లో వచ్చిన 3.12 అయితే ఫలానాది ఇంపోర్ట్ చేయడం మరిచారా అని కూడా అడుగుతుంది.

చదివేవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. ఇంట్లో అన్నయ్యో అక్కయ్యో సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఫోన్ చేసి అడగవచ్చు. మా ఇళ్లలో చేపల చెరువుల మీద పనికి, వరి కోతలకు వెళ్లేవారే ఎక్కువ. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురం కూర్చుంటే, తప్పు ఎక్కడుందో చెప్పే మాస్టారు ఆ మెసేజే. అది సరిగ్గా చెబితే పది నిమిషాల్లో తేలిపోతుంది. చెప్పకపోతే నలుగురిలో ఒకరు ‘ఇది మనవల్ల కాదురా’ అని లేచిపోతారు. అలా లేచిపోయి, గ్రూపు మారిపోదామనుకున్నవాళ్లూ మాలో ఉన్నారు.

సీనియర్ల నోట్సుల సంగతి కూడా చెప్పాలి. వాటిలో ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉండవు. అది పైథాన్ 2 పద్ధతి. 2008 డిసెంబరులో వచ్చిన 3.0తో అది పోయింది, పాత పైథాన్‌కు మద్దతు కూడా 2020 జనవరి 1తో ముగిసింది. ఆ నోట్సులు మాత్రం ట్రంకు పెట్టెలు మారుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ లైను అలాగే కొడితే, ప్రింట్‌కు బ్రాకెట్లు లేవని విడమరిచి చెబుతుంది. మనలాంటివాళ్ల ఇబ్బంది ఎరిగినవారెవరో చేర్చిన మాట అది.

నేరుగా మన తెలుగుకే సంబంధించిన మరమ్మతు ఒకటుంది. అది కంప్యూటరు భాషలో కాదు, ఫోను నడిపే వ్యవస్థలో. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ కొద్దిరోజులకే దాన్ని సరిచేసి వదిలింది. 11.2.5 కాస్తా 11.2.6 అయింది, అంతే.

పైథాన్‌లో లోపం కనబడితే ఎవరైనా రాసి తెలియజేయవచ్చు. 2022 నుంచి గిట్‌హబ్‌లో రాయాలి. ఫీజు లేదు, సిఫారసు లేఖ అక్కరలేదు. మాలో ఇంతవరకు ఎవరూ రాయలేదు, ఇంగ్లీషులో రాయాలంటే జంకు. ముందు తెలుగులో రాసుకుని, నలుగురం కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి పంపాలని అనుకుంటున్నాం. ఈలోగా ఈ ఏడాది జూనియర్లకు ఇచ్చే నోట్సుల అట్టమీద పేరు, గ్రూపుతోపాటు పైథాన్ వెర్షన్ సంఖ్య కూడా రాసి ఇస్తున్నాం.