ఏటికొప్పాకలో మా క్రిస్మస్ బజారు

గత డిసెంబరులో మేము కుటుంబమంతా నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి, ఆటోలో ఏటికొప్పాక వెళ్లాము. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పిల్లలు ప్లాస్టిక్ చెట్టు, చమ్కీ కాగితాలు కావాలన్నారు. చమ్కీ పేరుకే కాగితము, అదీ ప్లాస్టిక్కే! పండుగయ్యాక కాల్చితే విషపు పొగ, పారవేస్తే ఆవుల కడుపులోనికి. పశువుల పాకలో పుట్టిన ప్రభువు పండుగకు పశువులు బాధపడవలెనా?

అక్కడ తిరుగుచున్న అంకుడు కర్రకు పనివారు రంగు లక్కను ఆనించి పట్టారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకొన్నది. మొగలి ఆకుతో రుద్దగా నిగనిగలాడింది! పసుపు, నీలి మొదలగు రంగులు మొక్కలనుండి తీసినవే. అంకుడు నరికినా మోడు మరల చిగురించును. అయితే చెట్లను పెంచేవారు లేకపోతే ఈ పని నిలువదు.

ధర బజారు సామానుకంటే ఎక్కువే, పాస్టరు జీతానికి బరువే. అయినను తొమ్మిది బొమ్మలు కొని, పెరటి కుండీలోని నిమ్మమొక్కకు కట్టాము. పెద్దవాడు మురిసిపోయాడు. చిన్నది మాత్రము, “డాడీ, చమ్కీ ఏది?” అని ఇప్పటికీ అడుగుచునే ఉన్నది.