మా మోతీ ముక్కు

నేను నాలుగో తరగతి దాకానే చదివిన. ముప్పై ఏండ్లకు పైగా సాంచాల మీద పనిచేసిన, మొదట మిల్లుల, అది బందైనంక టవల్ కార్ఖానాల. రాసే అలవాటు లేదు. కానీ మా మోతీకి మనిషి వాసన పట్టి వెతుకుడు నేర్పిన సంగతి మన సోలాపూర్ పూర్వ భాగంలో చాలామందికి తెలిసింది. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లు దారిలో ఆపి అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పేకంటే రాస్తే నయమని మా కోడలు అన్నది. నేను చెప్తుంటే అక్షరాలు దిద్దింది కూడా ఆమెనే.

మా అన్నకు డెబ్బై ఆరేండ్లు. మతిమరుపు జబ్బు, డాక్టర్లు డిమెన్షియా అంటరు. పొద్దున తిన్నది మాపటికి గుర్తుండదు. సాంచా ఖాతాల ఏ సాంచ మీద ఎవరుండెనో అడిగితే మాత్రం వరుసగా చెప్తడు. రాత్రి మూడింటికి లేచి టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరుతడు. భోంగా అయిందంటడు. ఆ భోంగా మోగక ఎన్నేండ్లాయె! తలుపుకు తాళం పెడితే తలుపు కొట్టుకుంట ఏడుస్తడు. ఇల్లు నిలబెట్టిన పెద్దమనిషిని గదిలో పెట్టి మూసుడు మా వదినకు మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. బనీను లోపల ఫోన్ నంబరు రాసిన గుడ్డ కుట్టినం. అయినా రెండుసార్లు తప్పిపోయిండు. రెండోసారి దొరికేసరికి మధ్యాహ్నం దాటింది, పెదవులు ఎండిపోయి ఉండె.

మా పక్క గల్లీల పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన ఒక హవల్దారు సాబ్ ఉన్నడు. మరాఠీ మనిషి. మా మోతీని చూసి, "కాకా, దీనికి నేర్పుదాం" అన్నడు. మోతీ జాతికుక్క కాదు, గల్లీ కుక్క పిల్ల, అప్పటికి రెండేండ్లది. ఊరకుక్కకు పోలీసు విద్య వస్తదా అని నేను నవ్విన. ముక్కు అన్ని కుక్కలకూ దేవుడిచ్చిందే, ఓపిక ఉండాల్సింది మనకు అన్నడాయన.

వాసన ఎట్ల మిగులుతదో ఆయన చెప్పింది మన మిల్లువాళ్లకు తొందరగా అర్థమైతది. సాంచ నడుస్తుంటే నూలు నుసి ఎట్ల రాలుతదో, మనిషి నడుస్తుంటే ఒంటి మీది చర్మం కంటికి కనబడని పొట్టులాగ అట్ల రాలుతనే ఉంటది. ఒక్కొక్క మనిషి పొట్టుది ఒక్కొక్క వాసన. దానికితోడు అడుగు పడ్డచోట గడ్డి నలుగుతది, మట్టి కదులుతది, ఆ వాసన కూడా కలుస్తది. చల్లటి తేమ నేల మీద అది చానాసేపు నిలుస్తది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద తొందరగా ఎగిరిపోతది. నేను విన్నప్పుడు గంజి ఖాతా గుర్తొచ్చింది. చింతగింజల పిండి ఉడికే వాసనను బట్టే గంజి అయిందా కాలేదా చెప్పే ముసలాయన ఒకాయన ఉండె. మనిషి ముక్కే అంత నేర్చుకుంటే కుక్క ముక్కు ఎంత నేర్వాలె.

మెడ పట్టీ పనికిరాదు, ముందుకు గుంజితే గొంతు పట్టుకుంటది. అందుకని ఛాతీకి వేసే పట్టీ పాత మంచం నవారుతో నేనే కుట్టిన. ముప్పై అడుగుల నూలు తాడు కట్టిన. ఈ పట్టీ వేసినప్పుడే ఈ పని, మామూలు తిరుగుడుకు వేయొద్దు. పట్టీ చూడంగనే కుక్కకు డ్యూటీ ఎక్కిందని తెలవాలె.

శ్రావణంలో గడ్డి మొలిచినంక మొదలుపెట్టినం. పొద్దున, కుక్క కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. అన్నను మైదానంలో ఒకచోట నిలబెట్టి కాళ్లతో గడ్డి తొక్కమంటం. అక్కడినుంచి తిన్నగా ఇరవై అడుగులు నడవాలె. ప్రతి అడుగులో గోరంత ఉడికిన మేక కార్జం ముక్క పెట్టినం. చివర్ల అన్న చేతిల పెద్ద ముక్క. గాలి వెనుకనుంచి వీచేటట్టు చూసుకోవాలె. ఎదురుగాలి అయితే కుక్క తలెత్తి గాలిలనే మనిషిని పసిగట్టి అడ్డంగ ఉరుకుతది, నేల వాసన నేర్చుకోదు. తర్వాత ముక్కలు తగ్గించినం, దూరం పెంచినం, ఒక మలుపు, రెండు మలుపులు. అన్న నడిచినంక పది నిమిషాలు ఆగి వదిలినం, ఆ తర్వాత గంట. పోయే దారి మీద వేరే పిల్లలను అడ్డంగ నడిపించినం. గడ్డి అయినంకనే మట్టి, మట్టి అయినంకనే రోడ్డు. రోజుకు పావుగంట మించొద్దు, విసుగొస్తే ఆ పని మీదనే అసహ్యం పుడతది. చెప్పే మాట ఒక్కటే ఉండాలె. మేం "వెతుకు" అంటం.

వాసన చూపే గుడ్డ సంగతి ముఖ్యం. మా ఇంట్ల ఆడోళ్లు బీడీలు చేస్తరు, ఇల్లంత తంబాకు వాసనే. వదిన మడతపెట్టిన అంగీ ఇస్తే దానిమీద వదిన వాసన కూడా ఉంటది. అందుకని అన్న విప్పిన బనీనును చిమటతో పట్టి ప్లాస్టిక్ సంచిలో మూసిపెడతం. వారానికోసారి మారుస్తం.

ఇంకొకటి, నాకు కష్టమైనది: మనిషి ఎటు పోయిండో మనకు తెలిసినా కుక్కను అటు గుంజొద్దు. తాడు బిగించి వెనుక నడవాలె, అంతే. మోతీ దారి తప్పితే తల లేపుతది, తాడు వదులైతది. అక్కడే నిలబడితే అదే గుండ్రంగ తిరిగి మళ్లీ పట్టుకుంటది.

2023 డిసెంబర్ల ఒకనాడు నాలుగున్నరకు వదిన లేచి చూస్తే పక్క ఖాళీ. కొడుకు వెంటనే 112కు ఫోన్ చేసిండు. కుక్క ఉన్నా పోలీసుకు చెప్పుడు ఆపొద్దు, ఇది అందరికీ చెప్తున్న. పిలగాండ్లు బండ్లు తీసి మిల్లు గేటు దిక్కు పోయిండ్రు. నా మనసు కూడా గేటు మీదనే ఉండె. పట్టీ వేసి బనీను చూపెట్టిన. మిల్లు కుడిపక్క. మోతీ ఎడమకు తిరిగింది.

తాడు పట్టుకొని వెనుక పోయిన. గల్లీ కుక్కలు మొరిగినయి, కట్టెతో అదిలించిన. చౌక్ దగ్గర దాని తాడు వదులైంది. అక్కడ రాత్రంత లారీలు తిరిగినయి. నిలబడ్డ. ఒక చుట్టు, రెండో చుట్టు, ఇంకా పెద్ద చుట్టు తిరిగి రోడ్డు పక్క మట్టి దొరకంగనే ముక్కు దించి గుంజింది. హైదరాబాద్ రోడ్డు. అప్పుడు నాకు చెమట పట్టింది. ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో మీకు తెలుసు.

సుమారు రెండు కిలోమీటర్లు నడిచినం. మూసిన టైర్ల దుకాణం ముందు చాద్దర్ కప్పుకొని కూర్చున్నడు. టిఫిన్ డబ్బా లేదు, చేతిల ఖాళీ సంచి. మోతీ పోయి మోకాళ్ల మీద కాళ్లు పెట్టింది. నన్ను చూసి, "సిద్దిపేట బస్సు ఇంకా రాలేదురా, అమ్మ ఎదురుచూస్తుంటది" అన్నడు. మా ఊరు అటే. అమ్మ పోయి ముప్పై ఐదేండ్లు. "బస్సు వచ్చేదాక చాయ్ తాగుదాం పా, అన్నా" అన్న. లేచి నా చెయ్యి పట్టుకున్నడు. కార్జం డబ్బా తెచ్చుడు మరువలేదు, మొత్తం మోతీకే పెట్టిన.

ఇప్పటికీ ఆదివారం మైదానంలో మోతీతో చేయిస్తనే ఉన్నం. అన్న పోయి వేపచెట్టు వెనుక దాక్కుంటడు. ఎందుకో ఆయనకు తెల్వదు. మోతీ దొరకబడితే చిన్నపిల్లగానోలె నవ్వుతడు, దాన్ని మా చిన్నప్పటి కుక్క పేరు పెట్టి పిలుస్తడు. మోతీ దానికీ పలుకుతున్నది. చూడాలనుకున్నవాళ్లు ఆరింటిలోపు రండి. ఎండెక్కితే మోతీ పనిచేయదు, అన్న చాయ్ లేకుండ ఉండడు.