ఒకే ఒక్క బాణం!

వినుకొండ దాటి శ్రీశైలం దారి పట్టిన బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టమే. పొలాలు పలచబడి, రాళ్ళూ తుప్పలూ మొదలై, దూరంగా నల్లమల నీలంగా కనిపించే వేళకి త్రిపురాంతకం వస్తుంది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయంటారు. అలంపురం, సిద్ధవటం, ఉమామహేశ్వరం మూడు దిక్కుల్లో ఉంటే తూర్పు వాకిలి ఇది. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువు మధ్యలో బాలా త్రిపురసుందరి. మధ్యలో మెట్లు. కాకతీయుల కాలం నాటి శాసనాలు ఇక్కడ బోలెడు. రుద్రమదేవిని ఎదిరించిన కాయస్థ అంబదేవుడు తన విజయాలన్నీ 1290లో రాతి మీద చెక్కించుకున్నది ఈ గుడిలోనే.

ఊరి పేరులోనే కథంతా ఉంది. తారకాసురుడి కొడుకులు ముగ్గురు. బంగారంతో ఒకటి, వెండితో ఒకటి, ఇనుముతో ఒకటి... మూడు పురాలు కట్టుకున్నారు. అవి ఎవరికీ అందకుండా తిరుగుతుంటాయి. వెయ్యేళ్ళకోసారి మాత్రం మూడూ ఒక్కచోట కలుస్తాయి. ఆ క్షణంలో, ఒకే ఒక్క బాణంతో కొట్టినవాడి చేతిలోనే వాళ్ళకు చావు. గురి తప్పితే మళ్ళీ వెయ్యేళ్ళు!

అందుకే దేవతలంతా కదిలారు. భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, మేరువు విల్లయింది, వాసుకి అల్లెతాడయ్యాడు. కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ రథం వైభవం దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి బాణంలో ఉంది. సాక్షాత్తూ విష్ణుమూర్తే బాణమయ్యాడు, అగ్ని దాని మొనలో కూర్చున్నాడు. మూడోకన్ను ఉన్న విలుకాడికి కూడా ఏదో ఒక పుల్ల దొరికితే చాలని ఎవరూ అనుకోలేదు.

ఈ కొండల వెనక అడవి చెంచులది. 1940లలో వాళ్ళ మధ్య తిరిగి పుస్తకం రాసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నాటికి విల్లంబులు చెంచు బతుకులో భాగం. ఇప్పుడది పులుల అభయారణ్యం, వేట నిషేధం. విల్లు పట్టే ప్రతి జాతికీ తెలిసిన విద్య ఒకటుంది. పుల్ల వంకరగా ఉంటే నిప్పుసెగ చూపించి వంపు తీయొచ్చు, ఈక మార్చొచ్చు, మొన సానబట్టొచ్చు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఆడే ఆట కూడా అంతే. ఆ స్థాయి విలుకాళ్ళు కార్బన్ బాణాలను తూకం వేసి, వంగే గుణం చూసి, ఒక్కోదానికి అంకె వేసి, మాట వినని బాణాన్ని పక్కన పెడతారు. బాణం ఏదైనా చేతికి లొంగుతుంది.

లొంగనిది తూటా. ముఖ్యంగా పాయింట్ 22 రైఫిల్ తూటా.

అదే క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం, జట్టుతో బంగారం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేల్చింది ఆ తూటాలనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లోనైనా, అక్కడే 50 మీటర్ల పోటీల్లో దిగింది పాయింట్ 22తోనే. దీని నిర్మాణం చూడటానికి చాలా సులువు. చిటికెన వేలి కంటే సన్నని ఇత్తడి గొట్టం, ముందు రెండున్నర గ్రాముల సీసపు గుండు, లోపల చిటికెడు మందు. మందును అంటించే మసాలా మాత్రం నడిమధ్యన ఉండదు. గొట్టం అడుగున చుట్టూ ఉన్న అంచు మడతలో ఉంటుంది. తుపాకీ పిన్ను ఆ అంచును కొడితేనే పేలేది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు.

చిక్కంతా ఆ అంచులోనే. మసాలా చుట్టూ సమానంగా పరుచుకుంటే సరే. ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా అయిందా, మంట మారుతుంది, వేగం మారుతుంది. మంచి పోటీ తూటా సెకనుకు సుమారు 320 మీటర్ల వేగంతో వెళ్తుంది. ధ్వని వేగానికి కొంచెం తక్కువగా కావాలనే ఉంచుతారు. ఆ గీత దాటి మళ్ళీ కిందికొస్తే గుండు దారిలో తడబడుతుంది. ఆ వేగంలో పది మీటర్లు తేడా వచ్చిందనుకోండి... లెక్క వేస్తే 50 మీటర్ల దూరంలో గుండు ఏడెనిమిది మిల్లీమీటర్లు పైకో కిందికో పోతుంది. అంతేగా అనిపిస్తుంది. కానీ అక్కడ పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. శనగగింజంత! లండన్‌లోనే 50 మీటర్ల ప్రోన్ పోటీలో జాయ్‌దీప్ కర్మాకర్ 70 గుళ్ళు పేల్చి నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కాంస్యానికీ అతనికీ మధ్య తేడా 1.9 పాయింట్లు.

పెద్ద తుపాకుల వాళ్ళు ఖాళీ గొట్టాల్లో మందు తూచి పోసుకుని తూటాలు తయారుచేసుకోవచ్చు. అంచు మడతలో మసాలా ఎవరూ ఇంట్లో నింపుకోలేరు. నిప్పుసెగ చూపించి వంపు తీసే అవకాశం లేదు. చేయగలిగింది ఎంపిక ఒక్కటే.

ఇంగ్లండ్ ఎలీ వారి టెనెక్స్, జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ వారి ఆర్ 50, ఫిన్లాండ్ పేరు లాపువా... షూటర్ల నోట ఎక్కువగా వినిపించేవి ఇవి. పెట్టె మీద పేరు చూసి ఖరీదైనది కొనేస్తే పనయిపోతుందా? అవదు. ఒకే పేరు, ఒకే ధర, అయినా ఒక వాయిలో దిగిన గారెలు ఇంకో వాయిలా ఉండవు కదా! తూటాలకూ వాయిలుంటాయి. పెట్టె మీద లాట్ నంబరు అదే. ఒక లాట్‌ని ప్రాణంగా ప్రేమించే రైఫిల్ పక్క లాట్‌ని ఛీ కొడుతుంది. పక్కవాడి రైఫిల్ దానికి సరిగ్గా తలకిందులు. ఎందుకలా అంటే గొట్టం గొట్టానికీ ఉండే సూక్ష్మమైన తేడాలని చెబుతారు గానీ, ముందుగా ఊహించడం ఎవరివల్లా కాదు. పేల్చి చూడాల్సిందే.

అందుకే కంపెనీల పరీక్షశాలలకు షూటర్లు తమ రైఫిళ్ళు పట్టుకుని వెళ్తారు. గొట్టాన్ని కదలకుండా బిగిస్తారు. మనిషి ఊపిరి, గుండె చప్పుడు రెండూ లెక్కలోంచి పోతాయి. ఒక్కో లాట్ నుంచి పదేసి చొప్పున నాలుగైదు సార్లు పేల్చి, రంధ్రాల గుంపు ఎంత చిన్నదో కొలుస్తారు. ఒక్కసారి బాగా పడితే మురిసిపోకూడదు, ప్రతిసారీ పడాలి. నచ్చిన లాట్ దొరికితే ఏడాదికి సరిపడా అదే నంబరు కొనేస్తారు. లాట్ మారిన ప్రతిసారీ గొట్టం లోపల పాత గుండు మైనం పోయి కొత్తది పట్టేదాకా కొన్ని గుళ్ళు వృథా చేయక తప్పదు. ఎండలో నిలిపిన కారులో పెట్టె వదిలేస్తే ఆ మైనమే కరుగుతుంది. మార్కాపురం వైపు మే నెల ఎండ తెలిసినవాళ్ళకు చెప్పాలా!

ఇదంతా చదివి మొదటి రోజే టెనెక్స్ కోసం అప్పు చేయక్కర్లేదు. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, లైసెన్సూ పాయింట్ 22 వచ్చాక కూడా కొన్నాళ్ళు మామూలు తూటా చాలు. తూటా చేసే తప్పు కంటే మనిషి చేసే తప్పు పెద్దదిగా ఉన్నంతకాలం మేలురకం కొనడం డబ్బు దండగ. రైఫిల్ బిగించి కొడితే వచ్చే గుంపుకీ చేత్తో కొట్టిన గుంపుకీ తేడా తగ్గినప్పుడు ఎంపిక మొదలుపెట్టాలి. అసలు బాధ ఆ తర్వాతే. పరీక్షశాలలు ఎక్కడో విదేశాల్లో, లాట్ మొత్తం కొనే స్తోమత కొందరికే. మన పిల్లలు చాలామంది దొరికిన పెట్టెతోనే సర్దుకుని పోటీకి దిగుతారు. వాళ్ళ స్కోరు చూసి పెదవి విరిచేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

త్రిపురాంతకంలో కొండెక్కి స్వామిని చూసి తిరిగి బస్సెక్కేసేవాళ్ళున్నారు. అలా చేయకండి. బాణం వేసినవాడు పైన ఉంటే, దానికి బలమిచ్చింది కింద ఉన్న అమ్మ అని స్థలపురాణం. ఎంత పోరాడినా పురాలు కూలకపోతే శివుడంతటివాడు అమ్మను వేడుకున్నాడట. ఆమె బాలగా వెలిసి ఆ బాణానికి శక్తినిచ్చిందట. చెరువు మధ్య గుడి, చుట్టూ కదంబ వృక్షాలు. కొండ గుడికి మెట్లెక్కాలి, ఇక్కడ మెట్లు దిగాలి. దసరా నవరాత్రుల్లో జనం కిటకిటలాడతారు. తీరిగ్గా చూడాలంటే కార్తీకం, దసరా తప్పించి చలికాలంలో వెళ్ళడం మంచిది. గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో వినుకొండలోనో మార్కాపురం రోడ్డులోనో దిగితే అక్కణ్నుంచి బస్సు.