మొద్దు పక్కన పిలక

మీలో చాలామందికి దోహా అంటే విమానం మారే ఊరు. అద్దాల గోడల వెనుక మూడు గంటలు కూర్చుని మళ్ళీ ఎగిరిపోతారు. ఈసారి వీలైతే ఒక రోజు ఆగండి. ఉత్తరాన అల్ ఖోర్ వైపు వెళ్ళే రోడ్డు పట్టుకోండి. మేడలు అయిపోగానే రాతినేల మొదలవుతుంది. ఆ రాతి మధ్య అక్కడక్కడ పచ్చగా ఖర్జూర తోటలు కనిపిస్తాయి. తోటను అరబ్బీలో ‘మజ్రా’ అంటారు. అక్కడ పనిచేసే మనవాళ్ళు కూడా ఆ మాటే వాడతారు.

ఖతార్‌లో ఒక్క నది కూడా లేదు. ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 80 మిల్లీమీటర్లు. నేల చాలావరకు సున్నపురాయి. వాననీరూ, దానితో కొట్టుకొచ్చిన మన్నూ చేరే పల్లాలు మాత్రం కొన్ని ఉన్నాయి. వాటి పేరు ‘రౌదా’. రౌదత్ అల్ ఖైల్, రౌదత్ అల్ ఫరస్ లాంటి పేర్లలో మీకు వినిపించేది ఈ మాటే. తోట వేయాలంటే ఇలాంటి పల్లమే దిక్కు. అందుకే అక్కడ ఒక్క గజం మన్ను కూడా వృథా చేయరు.

సెప్టెంబర్ మొదటి వారంలో నేను చూసిన మజ్రాలో ఒక మూల చెట్లన్నీ కొట్టేశారు. బోరు నీళ్ళు ఏటేటా ఉప్పగా మారాయి. ఖర్జూరం ఉప్పును బాగా ఓర్చుకునే చెట్టే. కానీ ఓర్పుకూ హద్దుంటుంది. కాపు తగ్గింది, ఆకులు ఎండాయి. చివరికి నలభై మొద్దులు మిగిలాయి. మొద్దు అంటే చెట్టు కొట్టేశాక నేలలో ఉండిపోయే అడుగు భాగం.

మీ ఇంటి పెద్దలు చెరకు గురించి చెప్పే ఉంటారు. చెరకు నరికితే మొదలు నుంచి మళ్ళీ మొలకలు వస్తాయి. ఆ రెండో పంటను మన రైతులు ‘కార్శి’ అంటారు. ఖర్జూరం అలా కాదు. దాని ప్రాణమంతా తలలో ఉండే మొవ్వులో ఉంటుంది. మొవ్వు అంటే కొత్త ఆకులు పుట్టే లేత భాగం. అది పోతే కొట్టిన మొద్దు నుంచి మళ్ళీ చిగురు రాదు.

“అన్నా, గీ మొద్దు ఊకె ఇడిస్తే పక్క చెట్లకు పురుగు పడ్తది” అన్నాడు అక్కడ పనిచేసే తమ్ముడు. అతనిది జగిత్యాల వైపు పల్లె. ‘ఊకె ఇడిస్తే’ అంటే ఊరికే వదిలేస్తే. ‘పడ్తది’ అంటే పడుతుంది.

అతను చెప్పింది ఎర్రముక్కు పురుగు గురించి. దాని పుట్టిల్లు మన వైపే. దక్షిణాసియా కొబ్బరితోటల్లో అది పాత శత్రువు. 1980లలో గల్ఫ్ దేశాల ఖర్జూర తోటల్లో కనిపించింది. పురుగు పట్టిన మొక్కలను ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్ళడం వల్లే అది ఎక్కువగా వ్యాపించింది. కొత్తగా నరికిన చోటి వాసన దాన్ని రప్పిస్తుంది. అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు లోపల తొలుచుకుంటూ తింటాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది, లోపల గుల్లవుతుంది.

యజమాని యంత్రం తెప్పించి మొద్దులన్నీ ఒక్క రోజులో పీకించేద్దామన్నాడట. తమ్ముడు రెండు వారాలు గడువు అడిగాడు. కారణం పిలకలు. ఖర్జూరం వయసులో ఉన్నప్పుడు మొదట్లో పిల్ల మొక్కలు వేస్తుంది. వాటినే పిలకలు అంటాం. గింజ నాటితే ఆడచెట్టు వస్తుందో మగచెట్టు వస్తుందో తెలియదు, పండు కూడా తల్లి పండులా ఉండదు. పిలక నాటితే అచ్చంగా తల్లి చెట్టే. ఖలాస్, ఖెనైజీ, షీషీ, బర్హీ రకాలు తరతరాలుగా నిలిచింది పిలకల వల్లనే. యంత్రం పళ్ళకు మొద్దుకూ పిలకకూ తేడా తెలియదు.

నలభై మొద్దుల్లో తొమ్మిదింటికే పిలకలున్నాయి. అతను ఒక్కొక్క దాని దగ్గర కూర్చుని చూశాడు. సన్నని రంధ్రాలున్నాయా? గోధుమరంగు రసం కారుతోందా? నమిలిన పీచు రాలి ఉందా? రెండింటికి ఆ గుర్తులు కనిపించాయి. వాటిని పిలకలతో సహా ముక్కలు చేసి లోతుగా పూడ్చేశారు. “గవి జూస్తే పానం ఉసూరుమన్నది. కానీ ఉంచొద్దు” అన్నాడు.

మిగిలిన ఏడు పిలకలకూ పని తెల్లవారుజామునే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం. గడ్డపారతో చుట్టూ మన్ను తీశాడు. పిలకకు సొంత వేళ్ళు వచ్చాయో లేదో చూశాడు. వచ్చాయని తేలాకే తల్లి మొద్దు నుంచి ఉలితో వేరుచేశాడు.

ఆ తర్వాత మొద్దు వంతు. ఖర్జూరానికి లావుపాటి తల్లివేరు ఉండదు. వేలి లావు వేళ్ళు వందల కొద్దీ ఉంటాయి. చుట్టూ తెంపితే మొద్దు కదులుతుంది. పురుగు లేనివాటిని ఎండబెట్టారు. కొన్ని మేకల దొడ్డి ముందు కూర్చునే పీటలయ్యాయి. లోపలి మెత్తని భాగం తవ్వేస్తే కొన్ని పూలతొట్లయ్యాయి. మిగతావి పొడిచేసి చెట్ల పాదుల్లో పరిచారు. తడి ఆరకుండా అది కాపాడుతుంది.

ఖర్జూరం చుట్టూ అల్లుకున్న పనితనాన్ని యునెస్కో 2019లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. 2022లో అందులో ఖతార్ పేరు కూడా చేరింది. ఆ పనితనం ఎలా ఉంటుందో నేను చూసింది జగిత్యాల చేతుల్లో. “ఊర్ల మాకు ఈతచెట్లున్నయి. గిది దాని అక్క” అన్నాడు నవ్వుతూ. నిజమే, రెండూ ఒకే కుటుంబం.

నేను బయల్దేరేసరికి ఏడు పిలకలూ నిలబడ్డాయి. ఎండ తగలకుండా గోనెపట్టా చుట్టి, ఒక్కొక్క దానికి డ్రిప్ గొట్టం పెట్టాడు. ఈసారి చెట్లు తక్కువ, ఎడం ఎక్కువ. మీరు ఆ దారిన వెళ్తే గోనెపట్టా పైనుంచి కొత్త ఆకు తొంగిచూస్తోందేమో చూసి, నాకు ఒక ఉత్తరం రాయండి. తెలుగులోనే సుమా.