6.2తో ఎంబీఏ వస్తదా?

నా సీజీపీఏ 6.2. మన జేఎన్‌టీయూ లెక్కలో 0.5 తీసేసి పదితో గుణిస్తే 57 శాతం. క్యాట్ రాయడానికి జనరల్ వాళ్లకి డిగ్రీలో 50 శాతం చాలు. కానీ పరీక్ష రాయనివ్వడం వేరు, ఇంటర్వ్యూకి పిలవడం వేరు. ఐఐఎం అహ్మదాబాద్ షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు టెన్త్, ఇంటర్ మార్కులు కూడా చూస్తుంది. అవి ఇక మారవు.

గచ్చిబౌలి ఐఎస్‌బీ దారి వేరు. అక్కడ జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో పాటు ఉద్యోగంలో ఏం చేశామో కూడా అడుగుతారు. నాలాంటోళ్లకి ముందు జాబ్, తర్వాత ఎంబీఏ అన్నదే నయం అనిపిస్తుంది.

నాగారంలో మాది కిరాణా షాపు. ఆన్‌లైన్ డెలివరీలు వచ్చాక గిరాకీ తగ్గింది. ఎందుకు తగ్గిందో, ఏం చేస్తే నిలబడుతుందో తెలుసుకోవాలనే నాకు ఈ చదువు మీద ఆశ. "లోన్ తీసి చదివినంక జాబ్ రాకపోతే ఎట్లరా?" అంటాడు డాడీ. ఆ భయం నాకూ ఉంది.

నాలుగు సెమిస్టర్లు అయిపోయాయి, ఇంకో నాలుగున్నాయి. క్రెడిట్లు సమానం అనుకుని, వాటిలో 8 తెచ్చుకుంటే మొత్తం 7.1, అంటే 66 శాతం. టాపర్‌ని కాను, కానీ గ్రాఫ్ పైకి పోతుంది. ఇంటర్వ్యూలో చూపించడానికి నాకంటూ ఒకటుంటుంది.