హైటెక్ సిటీలో మా గ్రూపు ఫొటో

పూర్వం హైదరాబాదు చూడబోయిన ఊరివారు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ పార్కు చూసుకుని తిరుగు ప్రయాణమయ్యేవారు. ఇప్పుడు ఆ వరుసలో హైటెక్ సిటీ కూడా చేరింది. అక్కడ కోటలు లేవు, రాజుల నగలు లేవు. అయినా పల్లెల నుండి బస్సులు మాట్లాడుకుని మరీ వస్తున్నారు. కారణం తెలిసిందే. మన పిల్లలు అక్కడ పని చేస్తున్నారు. "మావాడి ఆఫీసు ఇదే" అని నలుగురికి చూపించుకోడానికి ఆ అద్దాల మేడల ముందు ఒక ఫొటో కావాలి. మొన్న జనవరిలో మా సంఘం నుండి 39 మందిమి బయలుదేరింది కూడా అందుకే. ఆ రోజు తీసుకున్న ఫొటోల గురించి, ముఖ్యంగా వాటిలోని నవ్వుల గురించి నాలుగు మాటలు చదువరులతో పంచుకుంటున్నాము.

మాదాపూర్ ప్రాంతం ఒకప్పుడు బండరాళ్లు, తుప్పలు. అక్కడ మొదట లేచిన పెద్ద భవనం సైబర్ టవర్స్. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి దీనిని ప్రారంభించారు. గుండ్రని ఆకారంలో పది అంతస్తులు. ఇప్పుడు చుట్టూ దానికంటే ఎత్తయిన మేడలు ఎన్నో వచ్చాయి గాని, ఊరివాళ్లకు హైటెక్ సిటీ అంటే నేటికీ ఆ గుండ్రటి మేడే. మేము బస్సు దిగి ముందుగా దాని ఎదుటికే వెళ్లాము.

మాతో వచ్చిన యువజన సమాజపు తమ్ముడొకడు మండల కేంద్రంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. అతడే కెమెరా పట్టుకున్నాడు. కుర్చీలు లేకపోయినా మావాళ్లు అలవాటు ప్రకారం వరుసలు కట్టేశారు. మధ్యలో పెద్దలు, ఒక పక్క మగవారు, మరొక పక్క స్త్రీలు, ముందు పిల్లలు. చేతులు బిగుసుకున్నాయి, గడ్డాలు లేచాయి. "స్మైల్ ప్లీజ్" అనగానే పెదవులు కదిలాయి గాని కళ్లు కదలలేదు. ఎదురెండ ఒక పక్క, అద్దాల మీద పడి తిరిగివచ్చే వెలుగు మరొక పక్క. వెనుక బండ్ల హారన్లు. ఫొటోలో అందరూ ఉన్నారు. కాని ఎవరూ తమ ఇంట్లో ఉన్నట్టు లేరు.

ఇలా బిగుసుకుపోవడం మనవాళ్లకే ఉన్న లోపం కాదు. 1839లో ఫొటో తీయడం లోకానికి తెలిసిన కొత్తలో ఒక్క బొమ్మ కోసం నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేది. అంతసేపు నవ్వు నిలుపుకోవడం ఎవరి తరం? తరువాత యంత్రాలు వేగం పుంజుకున్నా అలవాటు పోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ సికిందరాబాదులో స్టూడియో పెట్టి దొరలను, నవాబులను, వేటకు వెళ్లిన బృందాలను ఎన్నో గ్రూపు ఫొటోలు తీశాడు. వాటిలో నవ్వే ముఖం అరుదు. జీవితంలో ఒకటి రెండుసార్లు తీయించుకునే ఫొటోలో గంభీరంగా ఉండడమే మర్యాద అనుకున్న కాలమది. మన తాతల ఫొటోలూ అటువంటివే. అయితే దీన్‌దయాళ్‌కు ఒక సంగతి తెలుసు. పరాయి మగవాని ఎదుట స్త్రీలు బిడియపడతారని గ్రహించి, 1892లో వారికోసం వేరుగా స్త్రీలే నడిపే స్టూడియో తెరిపించాడు. ఎదుట ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి ముఖం మారుతుంది.

ఆజ్ఞాపిస్తే నవ్వు ఎందుకు రాదో ఫ్రాన్సు దేశపు వైద్యుడు డుషేన్ 1862లోనే వివరించాడు. పెదవుల కొసలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కాని కళ్ల చుట్టూ ఉండే కండరం చాలామందికి మాట వినదు. లోపల సంతోషం కలిగితేనే అది ముడుచుకుని కళ్ల పక్కన గీతలు పడతాయి. అందుకే నోరు నవ్వి కన్ను నవ్వని ఫొటో చూడగానే, ఏమి తక్కువైందో చెప్పలేకపోయినా ఏదో తక్కువైందని మనకు తెలిసిపోతుంది.

సైబర్ టవర్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే శిల్పారామం ఉంది. చేతిపనివారి కోసం ప్రభుత్వం 1992లో ఏర్పాటు చేసిన స్థలమది. లోపల పల్లెటూరి మ్యూజియం ఒకటి కట్టారు. మట్టిగోడలు, గడ్డికప్పులు, కుండలు చేసేవారు, నేతపనివారు, వారి పనిముట్లు, నిలువెత్తు బొమ్మలు. నగరపు పిల్లలు వాటిని వింతగా చూస్తున్నారు. మా గుంపులోని పెద్దమ్మ ఒకామె ఒక పూరింటి ముందు ఆగి, "ఓసి, మన ఇల్లు మనకంటే ముందొచ్చి కూచుందే ఇక్కడ! టిక్కెట్టు కొని మన ఇల్లు మనం చూసుకోవడమా!" అన్నది. అంతే, 39 మందీ ఒక్కసారిగా నవ్వారు. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకున్నారు. పెద్దలు పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా తమ్ముడు మాట్లాడకుండా కెమెరా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ తరువాత ఆ చెట్ల నీడనే అందరినీ మళ్లీ నిలబెట్టాడు. అతడు చేసినవి గమనించాము. ఊళ్లో క్రిస్మసు ఫొటో తీసే పిల్లలకు పనికివస్తాయని రాస్తున్నాము.

మొదట, అందరినీ ముందే ఎండలో నిలబెట్టి కెమెరా సరిచేసుకోలేదు. తన ఏర్పాటంతా అయ్యాకనే పిలిచాడు. అయిదు నిమిషాలు నిలబడితే ఎంత సంతోషమైనా ఆరిపోతుంది. రెండవది, హోదా చొప్పున కాక బంధం చొప్పున నిలబెట్టాడు. అత్తా కోడలు పక్కపక్కన, మనుమడు తాత మోకాళ్ల దగ్గర, స్నేహితులు ఒకచోట. పక్కన తనవారుంటే మనిషి భుజాలు వాటంతటవే దిగుతాయి. మూడవది, "మీ రెండు కళ్లకూ కెమెరా కనబడుతోందా? కనబడకపోతే మీరూ ఫొటోలో కనబడరు" అని వెనుక వరుసవారిని జరిపించాడు. నాలుగవది, పద్ధతి ప్రకారం గౌరవమైన ఫొటో ఒకటి ముందే తీసి, "అయిపోయింది" అన్నాడు. అందరూ ఊపిరి వదిలి పక్కవారివైపు తిరిగారు. అసలు ఫొటో అప్పుడు తీశాడు.

కళ్లు మూతపడడం మరొక చిక్కు. మనిషి నిమిషానికి సుమారు పది పదిహేను సార్లు రెప్ప వేస్తాడు. గుంపు పెరిగేకొద్దీ ఎవరో ఒకరి కన్ను మూసుకునే ఉంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు. ఇరవైమంది లోపు గుంపయితే, మంచి వెలుగులో మనుషుల సంఖ్యను మూడుతో భాగించండి, వెలుగు తక్కువైతే రెండుతో భాగించండి. వచ్చినన్ని ఫొటోలు తీస్తే ఒక్కటైనా అందరి కళ్లూ తెరిచి ఉన్నది దొరుకుతుంది. పదిహేనుమందికి మంచి వెలుగులో అయిదు ఫొటోలన్నమాట. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమానం 2006లో వీరికి వచ్చింది. మాలాగా 39 మంది ఉంటే ఆ లెక్క సరిపోదు, ఇంకా ఎక్కువ తీయాలి. రీలు రోజుల్లో 36 ఫొటోలకు డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లము. ఇప్పుడు ఆ బాధ లేదు. ఒక ఫొటోలోని ముఖాన్ని మరొకదానిలో అమర్చే ఫోన్లు కూడా 2023 నుండి వచ్చాయి. కాని అలా అమర్చిన నవ్వులు ఒకే క్షణంలో కలిసి నవ్వినవి కావు.

ఒక జాగ్రత్త మాత్రం మరువరాదు. నవ్వించాలని ఒకరి పొట్టితనాన్నో, రంగునో, బట్టతలనో ఎగతాళి చేయకూడదు. మిగిలినవారు నవ్వుతారు నిజమే, ఆ ఒక్కరి ముఖంలోని బాధ ఎప్పటికీ ఫొటోలో నిలిచిపోతుంది. పళ్లు ఊడినవారికి నోరు తెరవడం సిగ్గు. ఈమధ్యనే ఆప్తులను పోగొట్టుకున్నవారికి నవ్వు రాదు. వారిని బలవంతపెట్టనవసరం లేదు. తన చెల్లెలి చేయి పట్టుకుని ప్రశాంతంగా నిలబడిన ముఖం కూడా ఫొటోకు అందమే.

సాయంకాలం దుర్గం చెరువుకు వెళ్లాము. గోలకొండ కోటకు ఒకప్పుడు నీరందించిన చెరువని చెబుతారు. దాని మీద కట్టిన తీగల వంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైంది. రెండు స్తంభాల నడుమ దూరం సుమారు 234 మీటర్లు. వంతెన మీద బండ్లు ఆపరాదు గనుక గట్టు మీదనే నిలబడ్డాము. ఆఫీసులు వదిలి మా పిల్లలు కొందరు మెడలో గుర్తింపు కార్డులతోనే వచ్చారు. ఒక అబ్బాయి మళ్లీ రాత్రి డ్యూటీకి వెళ్లాలని గడియారం చూసుకుంటూ వరుస చివర నిలబడ్డాడు. అందరూ కెమెరావైపు చూస్తుంటే వాళ్లమ్మ మాత్రం తలతిప్పి కొడుకునే చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదవులు పెద్దగా విచ్చుకోలేదు గాని కళ్లు నవ్వుతున్నాయి. "అమ్మా, ఇటు చూడు" అని మా తమ్ముడు అనలేదు. అందుకు అతనికి వందనాలు చెప్పాము.

ఇదంతా ఒక్క ఫొటో కోసమా అని ఎవరైనా అడగవచ్చు. మన పల్లెల్లో ఎంతోమంది ముసలివారికి ఆధార్ కార్డులో ఉన్నది తప్ప వేరే ఫొటో ఉండదు. వారు కన్నుమూసిన రోజున పిల్లలు ఇల్లంతా వెదికి, చివరకు ఏ గ్రూపు ఫొటోలో నుండో ఆ ముఖాన్ని కత్తిరించి, స్టూడియోలో పెద్దది చేయించి గోడకు తగిలిస్తారు. కాబట్టి 39 మంది ఫొటో అంటే ఒక్క ఫొటో కాదు, 39 ఫొటోలు. మూడవ వరుసలో చివరన నిలబడిన మామ్మ ముఖం రేపు ఒక ఇంటికంతటికీ మిగిలే ముఖం కావచ్చు. ఆమె కళ్లు తెరిచి, తనవారి నడుమ, తనకు తోచిన విధంగా ఉండేలా చూడడం ఫొటో తీసేవారి బాధ్యత. తీసిన తరువాత ఫోనులోనే దాచుకోక, అచ్చు వేయించి ఇంటికొకటి చొప్పున పంచిపెట్టండి.