జపమాలకు గోముఖి, చరవాణికి నియమం

సాధనకు ఉపకరణాలు కొత్త కావు. జపానికి మాల, ఆ మాలను కప్పే గోముఖి, గ్రంథాన్ని నిలిపే వ్యాసపీఠం, కాలాన్ని కొలిచే ఘటికాయంత్రం ఇవన్నీ ఒకనాటి సాధకుని పరికరాలే. వీటిలో ప్రతిదానికీ రెండు ధర్మాలున్నాయి. మనస్సు మోయనవసరం లేని భారాన్ని తాను మోయడం మొదటిది. మోసిన తరువాత మౌనంగా ఉండిపోవడం రెండవది. మాల సంఖ్యను మోస్తుంది, మంత్రాన్ని మరపించదు. వ్యాసపీఠం గ్రంథాన్ని మోస్తుంది, చదువరిని మరొక గ్రంథంలోకి లాగదు.

నేడు ఈ పనులన్నీ ఒక్క చరవాణి చేయగలదు. మొదటి ధర్మం దానిలో పుష్కలం. రెండవది దాని స్వభావంలోనే లేదు. కనుక ఆ మౌనాన్ని సాధకుడే దానికి సమకూర్చాలి. యాప్‌లు, అనుబంధ పరికరాలు ఎన్ని చేర్చినా ఈ ఒక్క లోపం తీరనంతవరకు చరవాణి సాధనకు ఉపకరణం కాజాలదు.

మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్‌సాగర్ జలాశయ పరిసరంలో వెలసిన చిలుకూరు బాలాజీ క్షేత్రం ఈ విషయాన్ని ప్రత్యక్షంగా బోధిస్తుంది. హుండీ లేని ఆ ఆలయంలో భక్తుని ప్రధాన సమర్పణ ప్రదక్షిణమే. కోరిక విన్నవించుకొనేటప్పుడు 11 ప్రదక్షిణాలు, అది ఫలించిన పిదప 108. విదేశయానం కోరి వచ్చే యువతీయువకుల వల్ల ‘వీసా బాలాజీ’ అన్న వ్యవహారనామం కూడా స్వామికి స్థిరపడింది. 108 చుట్ల లెక్క తప్పకుండా ఉండేందుకు భక్తుల చేతిలో అంకెలు ముద్రించిన చిన్న కాగితపు అట్ట కనిపిస్తుంది. ఒక్కొక్క చుట్టు ముగియగానే ఒక్కొక్క అంకెపై గుర్తు పెడతారు. ఆ అట్ట మోగదు, వెలగదు, ఎవరి వార్తనూ మోసుకొని రాదు. దాని దారిద్ర్యమే దాని మహత్త్వం.

అదే లెక్కను చరవాణిలోని యాప్ కూడా చేస్తుంది. కానీ అంకెను నొక్కేందుకు తెర వెలిగించినప్పుడు ఆ వెలుగులో సందేశాలు కూడా కనిపిస్తాయి. ముప్పైయేడవ చుట్టులో పాదాలు ఆలయంలోనే ఉంటాయి, చిత్తం కార్యాలయానికి చేరుకొంటుంది. చివరకు సంఖ్య 108 అని సరిగ్గానే చూపుతుంది. అయితే లెక్కింపబడినవి అడుగులు మాత్రమే. వేలికి తొడుగుకొనే చిన్న కౌంటర్ ఇంతకంటె మేలు. బొటనవేలితో మీట నొక్కితే చాలు, చూడనవసరం లేదు. చరవాణినే వాడదలచినవారు ఫ్లైట్ మోడ్ పెట్టుకొని, శబ్దం పెంచే మీటతోనే లెక్క సాగే యాప్‌ను ఎంచుకోవచ్చు. అప్పుడు తెర వైపు దృష్టి మరలదు.

చేవెళ్లలో నివసించే ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుని అనుభవం ఈ సందర్భంలో స్మరణీయం. పోతన భాగవతం ఆయనకు నిత్యపారాయణ గ్రంథం. వార్ధక్యంలో దృష్టి మందగించింది. ముందు వచనభాగాలు, పిమ్మట పద్యాలు కూడా కనుమరుగైనాయి. చదివిపెట్టమని ఇంట్లో ఎవరినీ అడగలేక ఆయన గ్రంథాన్ని మూసి పీఠంపైనే ఉంచారు. ప్రతి ఉదయం దానికి నమస్కరించి లేచేవారు. కొన్ని మాసాలు అలాగే గడిచాయి. ఆయన కోల్పోయినది ఒక అలవాటు మాత్రమే కాదు, జీవితాన్ని నిలిపిన ఆధారం.

కుమారుడు తెచ్చి ఇచ్చిన చరవాణి ఆ లోటును తీర్చగలదని అందరూ భావించారు. రెండు పంచాంగాలు, మూడు స్తోత్రసంగ్రహాలు, ప్రవచనాల వీడియోలు, భక్తబృందాల వాట్సాప్ అన్నీ అందులో చేరాయి. ఒక మాసం తరువాత పదవ తరగతి చదివే మనుమడు డిజిటల్ వెల్‌బీయింగ్ తెరచి చూసి నవ్వుతూ అన్నాడు: “తాతా, నిన్న నాలుగు గంటలు ఫోన్ చూసినవు. భాగవతం చదివింది పన్నెండు నిమిషాలే.” ఆ నవ్వు ఆయనకు శూలంలా తాకింది. చూసినవన్నీ భక్తివిషయాలే. అయినా పారాయణం లేదు. విషయం పవిత్రమైనంత మాత్రాన విక్షేపం ఏకాగ్రత అయిపోదని ఆయనకు ఆనాడు స్పష్టమైంది.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను అశ్వాలుగా, విషయాలను అవి పరుగెత్తే మార్గాలుగా నిరూపించింది. పూర్వం అశ్వం మార్గాన్ని వెదుకుతూ పోవలసి వచ్చేది. ఇప్పుడు మార్గాలే అశ్వం కాళ్ల కిందికి వచ్చి నిలుస్తున్నాయి. ప్రతి నోటిఫికేషన్ ఒక కొత్త బాట. ఈ ప్రమాదాన్ని యంత్రనిర్మాతలూ గుర్తించారు. 2018లో ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ప్రవేశించాయి. ఏ యాప్‌కు ఎంత కాలమో వాటిలో నిర్ణయించుకోవచ్చు. కానీ ఆ హద్దును తొలగించుకొనే వీలు కూడా ఉంది. పగ్గాన్ని యంత్రం అందించగలదు, పట్టుకోవలసింది సారథియే.

ఆ ఉపాధ్యాయుడు పగ్గం పట్టారు. అధికంగా ఉన్న యాప్‌లను తొలగించారు. కాల్స్ తప్ప మిగిలిన నోటిఫికేషన్‌లన్నీ ఆపివేయించారు. అక్షరపరిమాణాన్ని పెద్దది చేయించారు. తెరపై కనిపించేదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను మనుమడు నేర్పాడు. ఇక్కడ ఒక సూక్ష్మం తెలియాలి. స్కాన్ చేసిన పాత గ్రంథాల పుటలు ఛాయాచిత్రాల వంటివి. తెరను చదివే యాప్ సాధారణంగా వాటిలోని పాఠాన్ని పలుకజాలదు. యూనికోడు అక్షరాలలో ఉన్న పాఠాన్నే అది చదువుతుంది. తెలుగుభాగవతం.ఆర్గ్ వంటి చోట్ల పోతన భాగవతం ఆ రూపంలో లభిస్తుంది. మరొక సూక్ష్మం కూడా ఉంది. యంత్రస్వరానికి యతి తెలియదు, సమాసాన్ని ఎక్కడ విరవాలో తెలియదు. కనుక తాత్పర్యానికి యంత్రస్వరం, పద్యానికి మానవకంఠం రికార్డు చేసిన గానం అని ఆయన విభజించుకొన్నారు.

చరవాణిని చేత పట్టుకోక పాత వ్యాసపీఠంపైనే ఆనించారు. చేయి అలసిపోదు, వేలు తెరపై అకారణంగా సంచరించదు. తీగతో ఉన్న సాధారణ ఇయర్‌ఫోన్‌ను ఒక్క చెవికే పెట్టుకొన్నారు, ఇంటివారి పిలుపు వినబడాలి కదా. 48 నిమిషాలకు టైమర్ అమర్చారు. ఘటిక అంటే 24 నిమిషాలు, రెండు ఘటికలు ఒక ముహూర్తం. ముహూర్తకాలం ముగియగానే చరవాణి మూగబోతుంది, ఆయన పెదవులు మాత్రం కదులుతూనే ఉంటాయి.

పంచాంగాల విషయంలోనూ జాగరూకత అవసరం. తిథి సూర్యచంద్రుల మధ్య కోణదూరాన్ని అనుసరించి పుడుతుంది. ప్రతి 12 అంశలకు ఒక తిథి. అది ఆరంభమయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం స్థానాన్ని బట్టి మారుతుంది. ఒక్క రేఖాంశకు నాలుగు నిమిషాల తేడా వస్తుంది. హైదరాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఆ భేదం ఒకటి రెండు నిమిషాలకు మించదు. కానీ అమెరికాలోని కుమారునికి ఏకాదశి ఇక్కడి తేదీనాడే రావాలని నియమం లేదు. అందుచేత యాప్‌లో ముందుగా తాము ఉన్న ఊరిని ఎంచుకోవాలి. ఇది చేయకుండా పంచాంగకర్తను నిందించడం తగదు.

జపసంఖ్యను ఇతరులకు ప్రకటించే సౌకర్యం కొన్ని యాప్‌లలో ఉంటుంది. గోముఖి ఎందుకు పుట్టిందో స్మరించినవారు ఆ సౌకర్యాన్ని మూసివేస్తారు. మాలను పరుల దృష్టి నుండి కప్పడం సంప్రదాయం. సంఖ్య పెరిగినకొద్దీ అహంకారం పెరిగితే లెక్క తిరోగమనమే.

మొయినాబాద్ నుండి చేవెళ్లకు పోయే బీజాపూర్ రహదారి పొడవునా మహావటవృక్షాలు నిలిచి ఉన్నాయి. వాటి ఊడలు కొమ్మకు ఆసరాగా కిందికి దిగుతాయి. నేలను తాకి బలపడిన కొంతకాలానికి ఏది మూలకాండమో, ఏది ఊడయో గుర్తించడం దుష్కరమవుతుంది. సాధకుని ఉపకరణాల గతి కూడా ఇటువంటిదే. ఆసరాగా దిగినది మూలస్థానాన్ని ఆక్రమించకుండా చూచుకోవడం ఆతని వంతు. అందుకు పరీక్ష సులభం. చరవాణిని పక్కన ఉంచిన పిమ్మట మంత్రం లోపల కొనసాగుతున్నదా? కొనసాగితే ఆ యంత్రం తన ధర్మాన్ని నెరవేర్చినట్లే. యంత్రంతోపాటు మంత్రమూ ఆగిపోతే, ఇంతసేపూ జపించినది ఎవరో విచారించుకోవాలి.

స్వస్తి.